మీ చిరుతబల్లి ఎందుకు చనిపోయింది

శ్రీకాకుళం

చిరంజీవులైన మనవడికి, మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో మీరిద్దరూ ఏడుస్తూ ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ చెప్పినది నాకు సగమే అర్థమైంది. మీ నాన్న పంపిన ఫొటోలు చూశాక గానీ సంగతి పూర్తిగా తెలియలేదు. మీ పెంపుడు చిరుతబల్లి (లెపర్డ్ గెకో) చుక్కిని సంచిలో చుట్టి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో పెట్టి, తినే వస్తువులకు దూరంగా ఫ్రిజ్ కింది అరలో ఉంచమని, మర్నాడే డాక్టరు గారి దగ్గరికి చేర్చమని గట్టిగా చెప్పానే తప్ప, ఎందుకో వివరించే తీరిక అప్పుడు లేకపోయింది. పరీక్ష ఫలితం రావడానికి ఎలాగూ రోజులు పడుతుంది కనుక ఈలోగా ఆ వివరమంతా రాస్తున్నాను. ఒక్కసారి కాకుండా రెండు మూడు విడతలుగా చదువుకోండి.

ప్రాణం పోయిన శరీరం తనను తాను కరిగించుకోవడం మొదలుపెడుతుంది. కాలేయం, పేగులు ముందుగా మెత్తబడతాయి. చుక్కి పడి ఉన్నది తొట్టిలో వెచ్చదనం కోసం పెట్టిన వేడి పలక మీద కాబట్టి ఈ పని ఇంకా వేగంగా జరుగుతుంది. చల్లదనం దాన్ని నెమ్మదింపజేస్తుంది. అయితే గడ్డకట్టించే అరలో పెడితే కణాలలోని నీరు మంచుపలుకులుగా మారి కణాల పొరలను చీల్చివేస్తుంది, ఆ తరువాత సూక్ష్మదర్శిని కింద చూసినా ఏది జబ్బు చేసిన చెడుపో, ఏది మంచు చేసిన చెడుపో తేల్చడం కష్టం. విషం కోసమో, క్రిముల జన్యుపదార్థం కోసమో చేసే పరీక్షలకు మాత్రం గడ్డకట్టిన ముక్క కూడా పనికివస్తుంది.

ఇక మీ ప్రశ్నకు వస్తాను. "రాత్రి బాగానే ఉంది, కీచురాళ్లు కూడా తిన్నది, పొద్దున్నే చనిపోయింది, ఇంత హఠాత్తుగా ఎలా?" అని అడిగారు. పశువైద్యుడిగా ఆమదాలవలస, టెక్కలి ప్రాంతాలలో నేను పనిచేసిన కాలంలో రైతుల నోట కూడా ఎక్కువగా విన్న మాట ఇదే. మరణం ఒక్క రాత్రిలో జరిగి ఉండవచ్చు గానీ, మరణానికి దారితీసినది మాత్రం చాలాసార్లు కొన్ని రోజుల, కొన్ని వారాల కిందటే మొదలై ఉంటుంది. బల్లి జాతివి వేటాడే జంతువుల కళ్లబడకుండా బతకాలి కాబట్టి, ఒంట్లో బాగులేకపోయినా పైకి తెలియనివ్వవు. పైగా చిరుతబల్లి పగలంతా గూట్లో దాక్కుని సంధ్యవేళ బయటికి వచ్చే జీవి. అది రోజంతా కదలకపోతే జబ్బు అని మనకు తోచదు. అందువల్ల మనం వెతకవలసింది చనిపోయిన రాత్రిని ఒక్కదాన్నే కాదు, దాని వెనుక ఉన్న రెండు మూడు వారాలను.

ముందుగా మీ మాటనే పరీక్షకు పెడదాం. చుక్కి కీచురాళ్లను తినడం మీరు కళ్లారా చూశారా, లేక పొద్దున గిన్నెలో కీచురాళ్లు కనబడకపోతే తిన్నదని అనుకున్నారా? మీ అమ్మను అడిగితే రెండవదే అని చెప్పింది. కీచురాళ్లు కొబ్బరిపొట్టు అడుగునో, బెరడు వెనుకనో దాక్కుంటాయి, ఒక్కోసారి మూత సందులోంచి జారిపోతాయి. కాబట్టి "రాత్రి తిన్నది" అన్నది సాక్ష్యం కాదు, ఊహ. తొట్టిని ఖాళీ చేసి వెతకండి, కీచురాళ్లు దొరికితే లెక్కపెట్టి రాసిపెట్టండి.

మీరు తమాషాగా చెప్పిన ఇంకొక సంగతే నాకు ఎక్కువ పట్టింపుగా తోచింది. నాలుగైదు రాత్రులుగా అది గుడ్లు పెట్టే డబ్బాలో తడి పొట్టును ఆ మూలకూ ఈ మూలకూ తవ్వుతూనే ఉందని, పొద్దున్నే డబ్బా చుట్టూ పొట్టు చిందరవందరగా పడి ఉండేదని అన్నారు. ఆడ చిరుతబల్లి గుడ్లు పెట్టే ముందు తవ్వడం మామూలే. తవ్వి, పెట్టి, కప్పి, ఆ తరువాత ఆకలితో తిండి మీద పడుతుంది. రాత్రి వెంట రాత్రి తవ్వుతూనే ఉండి గుడ్లు మాత్రం పెట్టకపోతే అది వేరే సంగతి. మీ నాన్న వెల్లకిలా తిప్పి తీసిన ఫొటోను పెద్దది చేసి చూడండి. పొట్ట చర్మం పల్చన కాబట్టి రెండు తెల్లని కోలగుడ్ల నీడలు లోపల కనబడుతున్నాయి. ఒకటి బాగా వెనక్కి, విసర్జన ద్వారానికి దగ్గరగా చేరి ఉంది. తోక మాత్రం లావుగానే ఉంది. ఇది ముఖ్యం, ఎందుకంటే చిరుతబల్లి తన కొవ్వును తోకలో దాచుకుంటుంది, నెలల తరబడి సాగే జబ్బయితే ముందుగా చిక్కేది తోకే.

ఈ రెండు గుర్తులను బట్టి నా అనుమానం గుడ్ల వైపు పోతున్నది. అనుమానమే సుమా, నిర్ణయం కాదు. ఈ జాతి ఆడది ఒక్కో విడతకు సాధారణంగా రెండేసి గుడ్లు పెడుతుంది, కొన్ని వారాల ఎడంతో ఒక్క కాలంలోనే అనేక విడతలు పెడుతుంది, ఒకసారి మగదానితో కలిసాక ఆ వీర్యాన్ని ఒంట్లో నిలవ ఉంచుకుని మగదాన్ని వేరుచేసిన తరువాత కూడా పొదిగే గుడ్లు పెట్టగలదు. ప్రతి గుడ్డుకూ సొనలోకి కొవ్వు, మాంసకృత్తులు, సున్నం తల్లి ఒంట్లోనుంచే పోవాలి. కీచురాళ్లలో, పిండిపురుగులలో భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అందుకే వాటికి కాల్షియం పొడి అద్ది వేస్తారు. ఆ కాల్షియం పేగుల నుంచి రక్తంలోకి చేరడానికి విటమిన్ డి3 కావాలి. మూత తీసి ఏళ్లు గడిచిన డబ్బాలో పొడి కనబడుతుంది గానీ విటమిను బలం మిగలదు. మీ డబ్బా అడుగున ఉన్న తేదీ చూసి నాకు రాయండి.

కాల్షియం అంటే ఎముకలే మనకు గుర్తుకు వస్తాయి గానీ కండరం ముడుచుకోవాలన్నా అదే కావాలి. మన పల్లెల్లో బాగా పాలిచ్చే సంకరజాతి ఆవు ఈనిన ఒకటి రెండు రోజులలో ఉన్నట్టుండి కూలబడిపోతుంది. చెవులు చల్లబడతాయి, మెడను డొక్క మీదికి వాల్చేస్తుంది, లేపినా లేవదు, ఇంటివారు దిష్టి తగిలిందంటారు. దాని రక్తంలోని కాల్షియం ఒక్కసారిగా పాలలోకి పోవడం వల్ల వచ్చే పాలజ్వరం అది. నరంలోకి కాల్షియం మందు నెమ్మదిగా ఎక్కిస్తే తరచుగా మన కళ్ల ముందే లేచి నిలబడుతుంది. గుడ్లు పెట్టే బల్లిలోనూ కాల్షియం తగ్గితే వేళ్లు అదురుతాయి, కాళ్లు వణుకుతాయి, గుడ్డును బయటికి నెట్టవలసిన అండవాహిక కండరం సత్తువ లేక ఆగిపోతుంది. గుడ్డు అడ్డుపడటానికి ఇదొక్కటే కారణం కాదు. తవ్వడానికి తగిన తడి చోటు లేకపోవడం, చాలినంత వెచ్చదనం లేకపోవడం, గుడ్డు వంకరగానో మరీ పెద్దగానో తయారవడం కూడా కారణాలే. ఒక్కోసారి గుడ్డు పగిలి గానీ, అండాశయం నుంచి సొన జారి గానీ పొట్టలో పడుతుంది. దానివల్ల లోపలంతా వాచి, జీవి త్వరగా చనిపోతుంది. అలాంటప్పుడు బయటికి ఏ గాయమూ కనబడదు.

డాక్టరు గారు చేసేది ఏమిటంటే, ముందు బరువు తూస్తారు, నోరు, కళ్లు, వేళ్లు, విసర్జన ద్వారం చూస్తారు, వీలైతే ఎక్స్‌రే తీస్తారు. ఎముకలు పలచబడ్డాయా, గుడ్లు ఎక్కడ ఉన్నాయి, పేగులో ఇసుక పేరుకున్నదా అన్నవి కొయ్యకముందే కొంత తెలుస్తాయి. తరువాత పొట్ట తెరిచి ప్రతి అవయవాన్నీ చూసి, చిన్న చిన్న ముక్కలు తీసి, వాటికి పది రెట్ల ఘనపరిమాణం ఉన్న కుళ్లకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్ ద్రవంలో వేస్తారు. ఆరోగ్యమైన కాలేయం ముదురు గోధుమ ఎరుపులో ఉంటుంది. కొవ్వు పట్టిన కాలేయం పసుపు తిరిగి, వేలికి జిడ్డుగా తగులుతుంది. కొవ్వు మరీ ఎక్కువైతే ఆ ముక్క మునగకుండా ఫార్మలిన్ మీద తేలుతుంది. గుడ్ల కాలంలో తిండి మానేసిన ఆడబల్లులలో ఇది కనబడుతూ ఉంటుంది. అసలు కథ సూక్ష్మదర్శిని కింద బయటపడుతుంది కనుకనే ఆలస్యమవుతుంది.

ఇప్పుడు మీ ఇద్దరి తగువు సంగతి. వేడి పలక స్విచ్చి ఎవరు ఆపారన్నది మీలో మీరు తేల్చుకునేది కాదు, థర్మామీటరు తేల్చేది. వెచ్చని మూలలో నేల ఫారెన్‌హీట్‌లో సుమారు 90, అంటే సెల్సియస్‌లో 32 ఉండాలి. గాలిలో వేలాడే థర్మామీటరు కాకుండా పలక మీద ఆనించిన తీగ చూపే అంకె కావాలి. పెద్దవయసు చిరుతబల్లి ఒక్క రాత్రి వెచ్చదనం లేనంత మాత్రాన, ఇల్లు మామూలుగానే ఉంటే, చనిపోదు. రోజుల తరబడి చల్లగా ఉంటే తిన్నది అరగదు, గుడ్డు కదలదు. వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ చెడి పలక మరీ కాలినా ప్రమాదమే. ఆ పాత అంకెలు మీ దగ్గర లేకపోతే ఇప్పుడు మూడు రోజులు ఉదయం, రాత్రి చూసి రాయండి.

ఇంట్లో చీమలకు, దోమలకు మందు ఎవరైనా కొట్టారా అని అమ్మను అడగండి. బయట పట్టిన పురుగులు ఏవైనా వేశారా అన్నది మాత్రం దాచకుండా చెప్పండి, ఎవరూ కోప్పడరు. మీ దేశంలో వేసవి సాయంత్రాలు పిల్లలు సీసాలలో పట్టే మిణుగురులలో గుండెను దెబ్బతీసే విషం ఉంది, పెంపుడు గడ్డపు డ్రాగన్ బల్లులు వాటిని తిని చనిపోయినట్లు పశువైద్యులు నమోదు చేశారు.

నేను ఈ ఉత్తరం రాస్తూ ఉండగా మీ మామ్మ వచ్చి, బల్లి మీద పడితేనే పంచాంగం తీసి ఫలితం చూస్తాం, దాన్ని చేరదీసి పెంచడమేమిటని అడిగింది. చుక్కి జాతి స్వస్థలం అఫ్ఘానిస్తాన్, పాకిస్తాన్, వాయవ్య భారతంలోని రాళ్ల నేలలని, దాని దగ్గరి చుట్టం ఒకటి మన విశాఖ కొండల్లోనే ఉందని, దాన్ని 2022లో కొత్త జాతిగా శాస్త్రవేత్తలు వర్ణించారని చెప్పాను. "అయితే దాన్ని కొండల్లోనే ఉండనివ్వండి" అన్నది. ఆ మాట నిజమే, అడవిలోనిదాన్ని ఎవరూ పట్టకూడదు.

మీ దగ్గర మిగిలిన మగ చిరుతబల్లి విషయంలో జాగ్రత్త పడవలసినది ఒక్కటే. క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి చిరుతబల్లుల పేగులను పట్టి, తోకను పుల్లలా ఎండబెడుతుంది. చుక్కి తోక లావుగా ఉంది కాబట్టి ఆ అనుమానం తక్కువే, అయినా ఫలితం వచ్చేవరకు చుక్కి తొట్టిలోని గిన్నెలు, గూళ్లు మగదాని తొట్టిలో పెట్టవద్దు. ఆ పరాన్నజీవి మామూలు బ్లీచింగ్‌కు చావదు. మగదాన్ని వారానికి ఒకసారి వంటింటిది కాని వేరే త్రాసు మీద తూచి, బరువు గ్రాములలో రాయండి. ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగండి, ఆరోగ్యంగా కనిపించే బల్లులలో కూడా సాల్మొనెల్లా ఉంటుంది.

పొదిగే పెట్టెలో ఉన్న పాత గుడ్లను పారేయనక్కరలేదు. పైవైపు పెన్సిలు గుర్తు ఉన్నదా చూసుకుని, గుడ్డును తిరగబడనివ్వకుండా అలాగే ఉంచండి. పెట్టె వేడి మార్చి ఆడవో మగవో తెప్పించుకోవాలన్న ఆలోచన ఈ విడతకు మానుకోండి. 26 డిగ్రీల దగ్గర దాదాపు అన్నీ ఆడవి, 32, 33 దగ్గర ఎక్కువగా మగవి వస్తాయన్నది నిజమే గానీ, మధ్యలో వేడిని అటూ ఇటూ మార్చితే పిండానికి మంచిది కాదు. మగదాన్ని ఇంకొక ఆడదానితో జత కట్టించడం నివేదిక వచ్చేదాకా వద్దు.

ఆ నివేదిక వచ్చాక మొదటి పేజీ మాత్రమే కాక మొత్తం కాగితాలు నాకు పంపించమని మీ నాన్నకు చెప్పండి. "కారణం తేలలేదు" అని రాసి ఉన్నా సరే పంపండి, అలా రావడం అరుదేమీ కాదు. కాలేయం బాగుందని, పేగులు బాగున్నాయని, గుడ్డు అండవాహికలోనే ఉందని ఒక్కొక్కటిగా రాసి ఉంటే, మిగిలినవి ఏమిటో ఫోన్‌లో కూర్చుని ముగ్గురం కొట్టివేసుకుంటూ పోవచ్చు. అప్పటికి డబ్బా మీద తేదీ, మూడు రోజుల వేడి అంకెలు, దొరికిన కీచురాళ్ల లెక్క ఒకే నోటు పుస్తకంలో రాసి ఉంచండి.

ఇట్లు,
మీ తాతయ్య