బరువొక్కటే చూడకండి

శ్రీకాకుళం

చిరంజీవులకు ఆశీస్సులు.

"అణుభారం పెరిగితే మరుగుస్థానం పెరుగుతుంది" అన్న ఒక్క ముక్క బట్టీ పట్టి పరీక్షకి వెళ్లిపోతుంటారు. అది సగమే నిజం. ప్రొపేన్ అణుభారం 44, ఇథనాల్‌ది 46. వంటగ్యాస్‌లో ఉండే ప్రొపేన్ మైనస్ 42 డిగ్రీలకే మరిగిపోతుంది. శానిటైజర్‌లో ఉండే ఇథనాల్‌కి 78 డిగ్రీలు కావాలి. రెండంటే రెండు యూనిట్ల బరువుకి 120 డిగ్రీల తేడా ఎక్కడ్నుంచి వచ్చింది?

మరిగేటప్పుడు అణువు లోపలి బంధాలేవీ తెగవు. కార్బన్‌ని పట్టుకున్న హైడ్రోజన్ ఆవిరిలోనూ దాన్ని పట్టుకునే ఉంటుంది. వదిలేది అణువుకీ అణువుకీ మధ్యనున్న పట్టు. ఆ పట్టు ఎలాంటిదో చూడాలి గాని, బరువు తూచి లాభం లేదు.

కార్బన్, హైడ్రోజన్ మాత్రమే ఉన్న హైడ్రోకార్బన్లలో ఆ పట్టుకి లండన్ బలాలని పేరు. ఎలక్ట్రాన్ మేఘం క్షణకాలం ఓ పక్కకి ఒరిగితే పక్క అణువు మేఘమూ ఒరుగుతుంది, రెండూ లాక్కుంటాయి. గొలుసు పొడుగయ్యేకొద్దీ తాకే చోటు పెరుగుతుంది: పెంటేన్ 36 డిగ్రీలకి మరిగితే, హెక్సేన్ 69, హెప్టేన్ 98. ఇదంతా బరువు మహిమే అనిపిస్తే, హెక్సేన్‌లో హైడ్రోజన్లన్నీ తీసి ఫ్లోరిన్లు పెట్టి చూడండి. అణుభారం 86 నుంచి 338కి పోతుంది, మరుగుస్థానం మాత్రం 57కి దిగుతుంది! ఫ్లోరిన్ తన ఎలక్ట్రాన్లని బిగపట్టుకుంటుంది, మేఘం ఒరగనివ్వదు.

ఆకారం సంగతి పొందూరు నూలుతో చెబుతాను. పోగుల్ని పక్కపక్కన పరిస్తే నిలువునా తాకుతాయి. అదే నూలు ఉండలుగా చుడితే ఉండకీ ఉండకీ ఒక్క చుక్కే తగులుతుంది. పెంటేన్‌కి మూడు ఆకారాలున్నాయి, మూడింటికీ అణుభారం ఒకటే, 72. తిన్ననిది 36, ఒక కొమ్మ ఉన్నది 28, ఉండలాంటి నియోపెంటేన్ 9.5.

ఇక మొదటి ప్రశ్న. బరువు 44, 46 దగ్గరే ఉంచి గుణం మార్చుతూ పోండి. డైమిథైల్ ఈథర్ మైనస్ 24, ఎసిటాల్డిహైడ్ 20, ఇథనాల్ 78, ఫార్మిక్ ఆమ్లం 101. మొదటి రెండూ ధ్రువ అణువులే, అంటే ఒక కొన కాస్త ధనావేశం, మరో కొన కాస్త రుణావేశం. కాని ఆక్సిజన్‌కి అంటుకున్న హైడ్రోజన్ వాటిలో లేదు. ఇథనాల్‌లో ఉంది, అది పక్క అణువు ఆక్సిజన్‌ని పట్టుకుంటుంది. అణువుకీ అణువుకీ మధ్యనున్న ఈ పట్టునే హైడ్రోజన్ బంధం అంటారు. ఫార్మిక్ ఆమ్లంలో ఒక్కో అణువు పక్కవాటిని రెండు చేతులతోనూ పట్టుకుంటుంది. నైట్రోజన్‌కి హైడ్రోజన్ అంటుకున్న అమీన్లలోనూ ఇదే కథ, పట్టు కాస్త వదులు.

పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లు మీ ఇళ్లలో ఉంటే సాల్వెంట్ రికవరీ గురించి, అంటే వాడిన ద్రావణిని మరిగించి తిరిగి రాబట్టడం గురించి అడగండి. అసిటోన్ 56, టోలుయీన్ 111. స్వేదన కాలమ్‌లో తేలిగ్గా విడిపోతాయి. ఇథైల్ ఎసిటేట్ 77, ఇథనాల్ 78 కలిశాయా, తలనొప్పే: రెండూ జట్టుకట్టి 72 దగ్గర ఒక్కటిగా మరుగుతాయి.

ల్యాబ్‌లో మరుగుస్థానం కొలిచేటప్పుడు చిన్న గాజు గొట్టంలో నాలుగైదు చుక్కల ద్రవం పోసి, ఒక కొన మూసిన క్యాపిలరీని (వెంట్రుకంత సన్నటి గాజు నాళాన్ని) తెరిచిన కొన కిందికి ఉండేలా అందులో వదలండి. గొట్టాన్ని థర్మామీటర్ బల్బు పక్కన దారంతో కట్టి లిక్విడ్ పారాఫిన్ నూనెలో ముంచండి. గొట్టం మూతి మాత్రం నూనెకి పైనే ఉండాలి. మెల్లగా వేడి చేయండి. బుడగలు ఆగకుండా గొలుసులా వచ్చాక మంట తీసేయండి. బుడగలు ఆగి ద్రవం క్యాపిలరీలోకి ఎక్కబోయే క్షణం చూసిన అంకే మరుగుస్థానం. అప్పుడు లోపలి ఆవిరి పీడనం, బయటి గాలి పీడనం సమానం. బుడగలు జోరుగా వస్తున్నప్పుడు చదివితే నాలుగైదు డిగ్రీలు ఎక్కువ చూపొచ్చు. మంట తీయడం ఆలస్యమైతే ద్రవమంతా ఆవిరైపోయి మళ్లీ మొదటికొస్తుంది.

ఇంకోటి. మన తీరానికి వాయుగుండం వచ్చిన రోజు గాలి పీడనం 1013 మిల్లీబార్ల నుంచి 990కి పడిపోవచ్చు. పది మిల్లీబార్లకి మరుగుస్థానం సుమారు పావు డిగ్రీ తగ్గుతుంది. ఆ రోజు ఇథనాల్‌కి 77.7 వస్తే పక్కన పీడనం కూడా రాయండి. పుస్తకంలో 78.3 ఉందని కొట్టేసి దిద్దకండి.

మీ తాతయ్య