వైరుకు తెలిసింది ఆంప్స్ ఒక్కటే

హైదరాబాద్‌లో మా అక్క వాళ్ళ ఫ్లాటు పాతది. చలికాలం వచ్చిందంటే పొద్దున ఏడింటికి వంటింటి ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే లైనును దానంతటదే ఆపేసే స్విచ్చు) పడిపోవడం మామూలైపోయింది. బావ వెళ్ళి లేపుతాడు, పావుగంటకు మళ్ళీ పడిపోతుంది. పిల్లల స్కూలు టైముకి ఈ టెన్షన్ ఏంటని ఎలక్ట్రీషియన్‌ని పిలిచారు. అతను డీబీ, అంటే ఎంసీబీలన్నీ ఉండే డబ్బా, మూత తీసి చూసి, "ఇది పదహారుది అక్కా. ముప్పై రెండుది వేసేస్తే ఇక పడదు" అన్నాడు.

నిజమే, పడదు. నాకు భయం వేసింది కూడా అందుకే.

ఆ లైను మీద ఏమేం ఉన్నాయో ఒక కాగితం మీద రాశాను. గోడకు అవతల బాత్‌రూమ్‌లో గీజరు, 2000 వాట్లు. ఇవతల ఇండక్షన్ పొయ్యి, 2000. దాని పక్కన నీళ్ళు కాచుకునే కెటిల్, 1500. పొద్దున మూడూ ఒకేసారి నడుస్తాయి కాబట్టి 5500 వాట్లు. మన ఇళ్ళకు వచ్చే కరెంటు 230 వోల్టులు. వాట్లను వోల్టులతో భాగిస్తే ఆంప్స్ వస్తాయి. 5500ను 230తో భాగిస్తే దాదాపు 24 ఆంప్స్. ఎంసీబీ 16 ఆంప్స్‌ది. మరి పడక ఏం చేస్తుంది?

అమెరికాలో ఉన్న మనవాళ్ళు ఇదే కెటిల్ లెక్క వేస్తే వేరే అంకె వస్తుంది. అక్కడి మామూలు ప్లగ్గుల్లో 120 వోల్టులే. మనకు ఆరున్నర ఆంప్స్ తీసుకునే 1500 వాట్ల కెటిల్ అక్కడ పన్నెండున్నర తీసుకుంటుంది. నీళ్ళు కాగేది ఒకేలా, వైరు మీద భారం మాత్రం దాదాపు రెట్టింపు. అందుకే వస్తువు మీద రాసిన వాట్లు చూసి వైరు కొనకూడదు. వాట్లతో మనకు బిల్లు వస్తుంది. వైరును వేడెక్కించేది మాత్రం దానిలో పారే కరెంటు, అంటే ఆంప్స్.

ఈ వేడి లెక్క తేల్చినవాడు జేమ్స్ జూల్. ఇంగ్లండులో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫర్డ్‌లో, బీరు తయారుచేసే కుటుంబంలో పుట్టాడు. వైరు చుట్టను నీళ్ళలో ముంచి, కరెంటు పంపి, నీళ్ళు ఎంత వేడెక్కాయో థర్మామీటరుతో కొలిచాడు. 1841లో ఆ ఫలితం ప్రచురించాడు. కరెంటు రెండింతలైతే వేడి రెండింతలు కాదు, నాలుగింతలు. మూడింతలైతే తొమ్మిదింతలు.

దీన్ని మా అక్క వాళ్ళ గోడలోకి తీసుకొద్దాం. అక్కడున్నది రెండున్నర ఎం.ఎం. రాగి వైరు, అంటే అడ్డంగా కోస్తే రాగి రెండున్నర చదరపు మిల్లీమీటర్లు. అలాంటి వైరు ఒక మీటరు నిరోధం, అంటే కరెంటును అది అడ్డుకునే కొలత, సుమారు 0.0074 ఓములు. గీజరు ఒక్కటే నడిస్తే 8.7 ఆంప్స్, మీటరుకు అర వాటు వేడి పుడుతుంది. అది తెలియను కూడా తెలియదు. మూడూ నడిస్తే మీటరుకు నాలుగు వాట్ల పైనే. లోడు మూడింతలు కూడా కాలేదు, వేడి మాత్రం ఏడున్నర రెట్లయింది. పైగా ఆ వైరు గాలికి లేదు. ప్లాస్టిక్ పైపులో, సిమెంటు గోడలో, పక్కనే అంతే వేడెక్కిన న్యూట్రల్ వైరుతో (కరెంటు తిరిగి వెళ్ళే వైరుతో) కలిసి ఉంది. ఆ వేడి ఎక్కడికి పోతుంది?

వైరు మీద ఉండే మామూలు పీవీసీ తొడుగు 70 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. ఆ లోపల ఉండాలంటే పైపులో వేసిన ఒకటిన్నర ఎం.ఎం. వైరుకు 13 ఆంప్స్, రెండున్నరకు 18, నాలుగుకు 24 దాటనివ్వకూడదని మన వైర్ల కంపెనీల పట్టికల్లో సాధారణంగా కనిపించే లెక్క. వైరు వెంటనే కాలిపోదు, అదే మనల్ని మోసం చేస్తుంది. తొడుగు లోలోపలే ఎండిపోతుంది. ఓర్చుకునే హద్దు దాటాక ప్రతి పది డిగ్రీలకూ దాని ఆయుష్షు సగానికి పడిపోతుందని ఇంజనీర్లు మోటుగా చెప్పుకునే లెక్క.

ఇప్పుడు ఆ 32 ఆంప్స్ ఎంసీబీ సంగతి. ఇళ్ళలో వాడే ఎంసీబీ తన మీద రాసిన అంకె దాటగానే పడిపోదు. 1.13 రెట్ల దాకా అలా నడుస్తూనే ఉంటుంది. 1.45 రెట్లకు చేరితే గంట లోపు పడాలి. లోపల రెండు లోహాలు అతికించిన చిన్న పట్టీ వేడికి మెల్లగా వంగి మీటను వదిలిస్తుంది కాబట్టి ఆ ఆలస్యం. షార్ట్ సర్క్యూట్ అయితే వేరే అయస్కాంతం రెప్పపాటులో లాగేస్తుంది. 16 ఆంప్స్‌ది 24 దగ్గర పడింది అంటే సరిగ్గా పనిచేసిందని అర్థం. 32 ఆంప్స్‌ది పెడితే 36 ఆంప్స్ దాకా అది కదలదు. 18 ఆంప్స్ ఓర్చుకునే వైరులో 36 అంటే, జూల్ లెక్క ప్రకారం నాలుగింతల వేడి. ఎంసీబీ ఉన్నది గీజరును కాపాడటానికి కాదు, గోడలోని వైరును కాపాడటానికి. లోడు కంటే ఎంసీబీ పెద్దదిగా ఉండాలి, ఎంసీబీ కంటే వైరు పెద్దదిగా ఉండాలి. ఈ వరస ఎక్కడా తప్పకూడదు. పాత ఇళ్ళలో ఫ్యూజు మాటిమాటికీ పోతోందని లావు రాగి తీగ చుట్టేవాళ్ళు. అదీ ఇదీ ఒకటే తప్పు.

పొలంలో ఇదే తప్పు ఇంకో రకంగా జరుగుతుంది. బోరు మీద 5 హెచ్.పి. త్రీఫేజ్ మోటారు ఉందనుకోండి. ఒక హెచ్.పి. 746 వాట్లు కాబట్టి 3730 వాట్లు. కానీ అది మోటారు బయటికిచ్చే శక్తి. లోపలికి తీసుకునేది అంతకంటే ఎక్కువ. సామర్థ్యం నూటికి 80, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 అనుకుంటే రెండుసార్లు 0.8తో భాగించాలి, సుమారు 5830 వస్తుంది. త్రీఫేజ్ కాబట్టి దాన్ని 415తోనూ, మళ్ళీ 1.732తోనూ భాగిస్తే 8 ఆంప్స్ చిల్లర. హెచ్.పి.కి ఒకటిన్నర ఆంపు అని మెకానిక్కులు నోటిలెక్క చెప్పేది ఇందుకే.

వోల్టేజీ పడిపోతే గీజరు తక్కువ కరెంటు తీసుకుని నీళ్ళు ఆలస్యంగా కాస్తుంది, అంతే. మోటారు అలా ఊరుకోదు. నీళ్ళు ఎత్తే పని అంతే ఉంటుంది కాబట్టి తక్కువైన వోల్టేజీకి బదులు ఎక్కువ కరెంటు లాగుతుంది. 415 కాస్తా 340 అయితే 8 ఆంప్స్ దాదాపు 10 అవుతాయి, వైండింగులో వేడి ఒకటిన్నర రెట్లవుతుంది. అప్పుడు స్టార్టరులోని ఓవర్‌లోడ్ రిలే మోటారును ఆపేస్తుంది. పైరు ఎండిపోతుందన్న దిగులుతో ఆ రిలే ఆగే హద్దును ఎక్కువ ఆంప్స్‌కి తిప్పేస్తారు. రైతు బాధ నాకు తెలుసు. కానీ రివైండింగుకు పోయిన మోటారు తిరిగొచ్చేదాకా ఆ పైరుకు నీళ్ళు అసలే ఉండవు.

ఇంత లెక్క సరిగ్గా వేసినా తప్పించుకునేది ఒకటుంది. అది వదులైన స్క్రూ. సాకెట్టు వెనక వైరు సరిగ్గా బిగించలేదు, అక్కడ 0.1 ఓము నిరోధం వచ్చిందనుకోండి. 3000 వాట్ల గీజరు 13 ఆంప్స్ తీసుకుంటుంది. ఆ శనగగింజంత చోట 17 వాట్ల వేడి పుడుతుంది. రేడియోలు బాగుచేసేవాళ్ళ సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లది, అది సీసాన్ని కరిగిస్తుంది. ఈ వేడి ఎంసీబీకి కనబడదు, ఎందుకంటే కరెంటు ఏమీ పెరగలేదు. మన ముక్కుకూ కంటికీ మాత్రమే కనబడుతుంది. ప్లగ్గు చుట్టూ గోధుమరంగు మరక, కాలిన ప్లాస్టిక్ వాసన, పావుగంట నడిచాక వేలు ఆనించలేనంత వేడి. వీటిలో ఏది కనిపించినా ఆ రోజే మెయిన్ ఆపించి ఎలక్ట్రీషియన్ చేత విప్పించాలి. ఆరు ఆంప్స్ సాకెట్టుకు గీజరు తగిలించడానికి అమ్మే కన్వర్టరు ప్లగ్గుల్ని నేను ఇంట్లోకి రానివ్వను.

అక్క వాళ్ళింట్లో 32 ఆంప్స్ ఎంసీబీ పెట్టలేదు. ఆ కాగితం చూపిస్తే ఎలక్ట్రీషియన్ కూడా ఒప్పుకున్నాడు. గీజరుకు డీబీ నుంచి వేరుగా నాలుగు ఎం.ఎం. వైరు లాగి, దానికి సొంత ఎంసీబీ పెట్టాడు. వంటింటి లైను మీద 3500 వాట్లు మిగిలాయి. 15.2 ఆంప్స్, పదహారుకు లోపలే, కానీ అంచున. అందుకే ఆ లైను మీద ఇక ఏదీ కలపొద్దని అక్కకు చెప్పాను. గీజరు సాకెట్టు దగ్గర కోసిన పాత వైరు ముక్కను బావ చేతికిచ్చి వంచమన్నాను. తొడుగు ఎండుకొమ్మలా పుటుక్కున విరిగి, లోపలి రాగి నల్లగా బయటపడింది.