నోవహు ఓడలోకి రెండేసా, ఏడేసి జతలా?

బైబిల్లో మొదటి ఐదు పుస్తకాలూ మోషే రాసినవైతే, ద్వితీయోపదేశకాండం చివర ఆయన చనిపోవడం, జనం 30 రోజులు ఏడవడం ఎవరు రాసినట్టు? ఒక పాఠకుడి ప్రశ్న ఇది. 12వ శతాబ్దంలోనే ఇబ్న్ ఎజ్రా అనే యూదు పండితుడు ఆ చివరి వచనాలు మోషేవి కావని నర్మగర్భంగా సూచించాడు. అయితే ఈ చర్చలో అసలు రుచి జలప్రళయం కథలో ఉంది.

ఆదికాండం 6లో ప్రతి జాతిలో రెండేసి ప్రాణుల్ని ఓడ ఎక్కించమంటాడు దేవుడు. 7:2కి వచ్చేసరికి పవిత్ర జంతువులైతే ఏడేసి జతలట. ఒకచోట 40 రోజుల వాన, మరోచోట 150 రోజుల నీళ్లు. 7:16 చూడండి: ‘దేవుడు’ ఆజ్ఞాపించినట్టు జంతువులు ఎక్కాయి, ‘యెహోవా’ తలుపు మూశాడు. ఒకే వచనంలో రెండు పేర్లు! 1753లో జాఁ ఆస్ట్రుక్ అనే ఫ్రెంచి వైద్యుడు ఈ పేర్లనే ఆధారం చేసుకుని ఆదికాండాన్ని రెండు రంగుల దారాలతో పేనిన తాడులా విప్పి చూపించాడు. మోషేను కాదనడానికి కాదు, మోషే పాత పత్రాలను వాడుకున్నాడని చెప్పడానికే.

ఇంతకీ రెండు ఎందుకు, ఏడు ఎందుకు? ఓడ దిగగానే నోవహు పవిత్ర జంతువులన్నిటిలోంచీ దహనబలి అర్పిస్తాడు (8:20). ఒక్క జతే ఉండి ఉంటే, ఆ బలితో ఆ జాతులే అంతరించేవి! ‘యెహోవా’ అనే పేరు వాడే కథకుడికి అందుకే ఏడు జతలు కావాలి. ఈ కథలో ‘దేవుడు’ అని రాసే రెండో రచయిత యాజక (పూజారి) వర్గానికి చెందినవాడని పండితుల అంచనా. ఆయన లెక్కలో సీనాయి కొండ దగ్గర ఆరాధన కోసం ప్రత్యక్ష గుడారం వెలిసి, మోషే అన్న అహరోను యాజకుడయ్యేదాకా బలి అన్నదే లేదు. పవిత్ర, అపవిత్ర జంతువుల పట్టిక కూడా లేవీయకాండం 11లో గానీ రాదు. కాబట్టి ఆయన నోవహుకు ఒక్క జత చాలు. చిన్న అంకె వెనక ఎంత పెద్ద మతసిద్ధాంతమో! సండే స్కూల్లో ‘రెండా, ఏడా?’ అని అడిగిన పిల్లల నోరు మూయించకూడదు. వాళ్లు అడిగేది పండితులు అడిగిన ప్రశ్నే.

1878లో యూలియుస్ వెల్హౌసెన్ అనే జర్మన్ పండితుడు, ఈ పుస్తకాలు నాలుగు వేర్వేరు రచనల కలయిక అనే నాలుగు మూలాల సిద్ధాంతాన్ని స్థిరపరిచి, యాజక రచనను అన్నిటికన్నా చివర, బబులోను చెర (యూదులు బబులోనులో బందీలుగా ఉన్న కాలం) తర్వాతికి జరిపాడు. 1970ల నుంచి ఆ కట్టడానికి బీటలు పడ్డాయి. యాజక రచన వేరుగా ఉందని ఇప్పటికీ చాలామంది ఒప్పుకుంటారు. పేచీ అంతా యెహోవా దారం గురించే. అందులో ఓడ కట్టమన్న ఆజ్ఞే కనిపించదు, 7:1లో నేరుగా ‘ఓడలో ప్రవేశించు’ అని ఉంటుంది. రెండు కథలు కలిపినవాడు ఆ ముక్కను వదిలేశాడని ఒక పక్షం అంటుంది. అసలు అది విడి కథే కాదు, యాజక కథకు తర్వాత చేర్చిన అతుకులని ఇంకో పక్షం వాదిస్తుంది.