తట్టేక్కాడ్‌లో తెల్లవారకముందే

కేరళలో కోతమంగళం దగ్గర, పెరియార్ ఒడ్డున ఉన్న తట్టేక్కాడ్ అడవికి పక్షుల కోసం వెళ్తే, అక్కడి గైడ్లు ఇంకా చీకటి ఉండగానే లేపేస్తారు. కాఫీ కూడా స్థిమితంగా తాగనివ్వరు. తొలి గంటంతా అక్కడ చెవులతోనే పని. 1933లో తిరువాన్కూరు, కొచ్చి సంస్థానాల పక్షుల సర్వే చేసిన సలీం అలీకి ఈ చోటు బాగా నచ్చింది. తర్వాత యాభై ఏళ్లకు, 1983లో, ఆయన పేరుతోనే అభయారణ్యమైంది. విస్తీర్ణం 25 చదరపు కిలోమీటర్లే.

ఆ వేళప్పుడు పక్షులు అంతలా ఎందుకు కూస్తాయో ఒక్క కారణంతో తేలదు. మసక వెలుతురులో పురుగు కంటపడదు. ఎలాగూ వేట సాగదు కాబట్టి మగపక్షులు ఆ సమయాన్ని 'ఈ చోటు నాది' అని చాటుకోడానికి, ఆడపక్షిని పిలవడానికి వాడుకుంటాయి. గాలి నిలకడగా ఉంటుంది కాబట్టి కూత చెదరకుండా వెళ్తుంది. ఇందులో వంతులూ ఉన్నాయి. ఈక్వడార్ అడవుల్లో గమనిస్తే, పైకొమ్మల్లో తిరిగేవి ముందు గొంతెత్తుతున్నాయి, నేల దగ్గర తిరిగేవి తర్వాత. వెలుతురు ముందు తగిలేది పైకొమ్మలకే కదా! కళ్లు పెద్దవైన పక్షులు కూడా కాస్త ముందే మొదలుపెడతాయి.

తెల్లారాక కూతలు సన్నగిల్లుతాయి, అసలు సందడి అప్పుడు వస్తుంది. పది నిమిషాలు ఒక్క రెక్క కూడా కదలదు, ఉన్నట్టుండి చుట్టూ పక్షులే. రకరకాల జాతులు కలిసి తిరిగే వేట గుంపు అది. ఒకటి ఆకులు కదిపితే లేచిన పురుగును ఇంకొకటి పట్టుకుంటుంది. కాపలా కళ్లు కూడా పెరుగుతాయి. గుంపు మధ్యలో తరచుగా ఉండేది రాకెట్ తోక డ్రాంగో, మన ఊళ్లలో కరెంటు తీగల మీద కూర్చునే ఏట్రింతకు అడవి చుట్టం. డేగ కనబడితే కేక పెట్టేది అదే, పక్కవాడి నోటి దగ్గరి పురుగును లాక్కునేదీ అదే. ఇతర పక్షుల గొంతులు అచ్చంగా దించేస్తుంది. శ్రీలంకలో జరిగిన ప్రయోగాల్లో, ఈ మిమిక్రీ విని మిగతా జాతులు గుంపు దగ్గరికి వస్తున్నాయని తేలింది. నన్నడిగితే ఈ అడవిలో అసలు హీరో ఇదే, ఫొటోలకేమో ట్రోగన్ కావాలి.

మలబార్ ట్రోగన్ మగదానికి పొట్ట ఎర్రగా మెరుస్తుంది. అయినా కనిపించదు. మనుషుల అలికిడైతే గోధుమరంగు వీపు మనవైపు తిప్పి కదలకుండా కూర్చుంటుంది. కొందరు ఫోన్‌లో దాని కూత పెట్టి రప్పిస్తారు. నాకది నచ్చదు. లేని శత్రువును వెతుక్కుంటూ తిండి మానుకుని వస్తుంది పాపం. అనుభవమున్న గైడ్‌కు ఆ అవసరమే రాదు. నిన్న ఎక్కడ కూసిందో గుర్తుపెట్టుకుని, అక్కడే ఆగుతాడు.

చివరికి వెదురు పొదల వైపు తీసుకెళ్లి, ఎండుటాకుల కుప్పలాంటిదేదో చూపిస్తాడు. నిజంగానే ఏమీ అర్థం కాదు. కాసేపటికి ఒక ఆకుకు మీసాల్లాంటి ఈకలు, వెడల్పాటి నోరు తేలతాయి. పక్కనే ఇంకొకటి. శ్రీలంక ఫ్రాగ్‌మౌత్ జంట! పడమటి కనుమల్లో, శ్రీలంకలో తప్ప ఇంకెక్కడా లేని పక్షి. రాత్రంతా పురుగులు వేటాడి, పగలు ఇలా ఆనుకుని నిద్రపోతాయి. మగది బూడిదరంగు, ఆడది ఇటుకరంగు. పెట్టేది ఒక్కటే గుడ్డు, పగటిపూట పొదిగేది మగది. దాన్ని లేపితే గుడ్డు దిక్కులేనిదవుతుంది. అందుకే గూడు కట్టే కాలంలో మంచి గైడ్ దూరం నుంచే చూపించి, రెండు ఫొటోలు చాలని అందర్నీ వెనక్కి తిప్పేస్తాడు.