గన్నవరం నుంచి డల్లాస్ ఏ దిక్కు?

మా పిన్ని వచ్చే నెల కూతురి పురిటికి డల్లాస్ వెళ్తోంది. మొన్న సత్యనారాయణపురంలో వాళ్ళింటికి వెళ్తే, ఆవకాయ డబ్బా మూతకి టేపు చుడుతూ "అమెరికా మనకి ఏ వైపురా?" అని అడిగింది. పడమర చూపించబోయి ఆగాను. గోడ మీద మ్యాపు చూసి పెరిగిన వాళ్ళమంతా అటే చూపిస్తాం. నిజానికి డల్లాస్ మనకి ఉత్తరాన ఉంది.

వంటింట్లోంచి ఒక బత్తాయి తెచ్చి, తొడిమ ఉన్నచోట ఉత్తర ధ్రువం అనుకోమన్నాను. గన్నవరం ఎయిర్‌పోర్టు 80.8 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటే, డల్లాస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద ఉంది. రెండూ కలిపితే దాదాపు 178. అంటే గోళానికి మనం ఇటు పక్క, వాళ్ళు సరిగ్గా అటు పక్క. ఆ రెండు చోట్లా పెన్నుతో చుక్కలు పెట్టి, పిన్ని పూలు కట్టుకునే దారాన్ని ఒక చుక్క నుంచి రెండో చుక్కకి అడ్డంగా తిప్పి పట్టుకున్నాను. బిగించేకొద్దీ దారం పైకి జారింది. జారి జారి తొడిమ పక్కకి చేరి ఆగింది. దారం పొడవు అన్నిటికంటే తక్కువయ్యేది అక్కడే.

లెక్క వేస్తే ఆ దారి సుమారు 14,500 కిలోమీటర్లు. గన్నవరంలో లేచి నూజివీడు వైపు ముక్కుసూటిగా పోతే హిమాలయాలు, టిబెట్, సైబీరియా దాటి, ఉత్తర ధ్రువానికి దాదాపు 250 కిలోమీటర్ల దూరంలోంచి కెనడా మీదుగా టెక్సాస్‌లో దిగుతాం. అదే మన అక్షాంశం వెంబడి పడమరకే పోతే, డల్లాస్ రేఖాంశం అందుకోవడానికే 19,000 కిలోమీటర్లు పడుతుంది.

గంటకి 900 కిలోమీటర్ల వేగంతో ధ్రువం పక్కనుంచి పోయే దారి 16 గంటల ప్రయాణం. గన్నవరం నుంచి అమెరికాకి నేరుగా విమానం లేదు కాబట్టి పిన్ని హైదరాబాద్, దోహా మీదుగా వెళ్తుంది. మూడు విమానాల దూరమూ కలిపితే దాదాపు 16,000 కిలోమీటర్లు. చుట్టు తిరిగినా పెరిగింది పదో వంతే! రోజంతా తినేసేది ఎయిర్‌పోర్టుల్లో ఎదురుచూపులే.

నాకు మరీ ఇష్టమైన సంగతి గాలిది. 2016 అక్టోబరులో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ దారి మానిపించి తూర్పుకి, పసిఫిక్ మీదుగా నడిపింది. దూరం 1,400 కిలోమీటర్లు పెరిగి 15,300 అయింది. అయినా పద్నాలుగున్నర గంటల్లో, పాత దారికంటే ముందే చేరిపోయింది. దానికి కారణం జెట్ స్ట్రీమ్. ఉష్ణమండలపు వేడికీ ధ్రువాల చలికీ ఉన్న తేడా వల్ల, దానికి భూభ్రమణం తోడై, సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి ఈ గాలి నదిలా పారుతుంది. ఒక్కోసారి గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది. తూర్పుకెళ్ళే విమానాన్ని వెనకనుంచి తోస్తుంది, పడమరకెళ్ళేదానికి ఎదురొస్తుంది.

అందుకే డల్లాస్ నుంచి దోహాకి వచ్చే విమానం, వెళ్ళేదానికంటే గంటకి పైగా ముందే దిగుతుంది. అది చెబితే పిన్ని టేపు పక్కన పెట్టి, "వచ్చేటప్పుడు తొందరెందుకురా నాకు? వెళ్ళేటప్పుడు తోస్తే బాగుండేది" అంది.