డాలస్‌కి దారి ధ్రువం పక్కనుంచి

మా పెద్దమ్మ టికెట్ చూసి లెక్క తేల్చేసింది. "తెల్లారుజామున నాలుగింటికి ఎక్కితే అదే రోజు సాయంత్రం దిగుతానట, పన్నెండున్నర గంటలే కదా, దీనికింత హడావుడి ఏంట్రా?" శంషాబాద్‌లో 4:20కి బయలుదేరడం, దుబాయ్‌లో విమానం మారడం, డాలస్‌లో సాయంత్రం 4:50కి దిగడం. తప్పు ఆమెది కాదు, టికెట్ మీద ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో డాలస్ మనకంటే పదిన్నర గంటలు వెనక ఉంటుంది, అది కలిపితే ప్రయాణం 23 గంటలు. మధ్యలో దుబాయ్‌లో కూర్చునేదే మూడు గంటల పైచిలుకు.

"సరే, ఇంతకీ అమెరికా ఎటుంది, తూర్పా పడమరా?" అంది. చాలా మంచి ప్రశ్న ఇది. హైదరాబాద్ 78 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర మీద. రెండూ కలిపితే 175, అంటే భూగోళానికి దాదాపు అవతలి పక్క. ఎటు వెళ్లినా ఒకటే! ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద కొన్న పాత గ్లోబు ఒకటి ఇంట్లో ఉంటే తెచ్చి, పూలు కట్టే దారం ఒక కొస హైదరాబాద్ మీద బొటనవేలితో నొక్కిపెట్టి, రెండో కొస డాలస్ దగ్గర పట్టుకుని బిగించాను. మొదట అరేబియా, ఆఫ్రికా, అట్లాంటిక్ మీదుగా పెట్టానా, లాగేకొద్దీ దారం పైకి జారిపోయి, గ్లోబు నెత్తిన ఉండే స్క్రూకి సెంటీమీటరు పక్కన ఆగింది. ఉత్తర ధ్రువానికి 500 కిలోమీటర్ల దగ్గర్లోంచి అన్నమాట. బిగిసిన దారం చూపించేదే అతి దగ్గరి దారి, అది సుమారు 14,400 కిలోమీటర్లు. గోడ మీది మ్యాప్‌లో స్కేలుతో గీసిన తిన్నని గీత పట్టుకుని పోతే 17,600 దాటుతుంది. మ్యాప్‌ని నమ్ముకుంటే ఇంతే.

దుబాయ్ మీదుగా వెళ్తే చుట్టుతిరుగుడు అనుకుంటాం గానీ అదీ మరీ అంత కాదు. ఇక్కడినుంచి దుబాయ్ 2,550, అక్కడినుంచి డాలస్ 12,900 పైన, మొత్తం 15,500 లోపే.

కానీ కిలోమీటర్లని విమానం వేగం, అంటే గంటకి 900తో భాగించేస్తే టైమ్ రాదు, గాలి ఒకటుంది. పది పన్నెండు కిలోమీటర్ల ఎత్తున పడమర నుంచి తూర్పుకి జెట్ స్ట్రీమ్ అనే గాలి నదిలా పారుతుంటుంది, చలికాలంలో ఒక్కోసారి గంటకి 300 కిలోమీటర్లు కూడా దాటుతుంది. 1920ల్లో జపాన్‌లో వసబురో ఒయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి దీన్ని కొలిచాడు, పాపం ఆ నివేదిక ఎస్పరాంటో అనే కృత్రిమ భాషలో రాయడంతో బయట పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. దుబాయ్ నుంచి డాలస్‌కి దాదాపు 16 గంటలు పడితే, తిరిగొచ్చేటప్పుడు ఈ గాలి వెనకనుంచి తోయడం వల్ల గంటకి పైనే కలిసొస్తుంది. అయితే పోయేటప్పుడు పోగొట్టుకున్నదంతా వచ్చేటప్పుడు తిరిగి రాదు. ఎదురుగాలిలో ఎక్కువసేపు ఉంటాం, తోడుగాలిలో తక్కువసేపు ఉంటాం, అందుకని గాలి ఎప్పుడూ కాస్త మిగుల్చుకుంటుంది.

పెద్దమ్మ ఇంకా ఆ దారాన్నే చూస్తోంది. "అంత పైనుంచి పోతే చలి వెయ్యదూ?" బయట చలి హైదరాబాద్ మీద కూడా ఉంటుంది పెద్దమ్మా, పదకొండు కిలోమీటర్ల ఎత్తులో మైనస్ 40 చుట్టుపక్కలే అన్నాను. ధ్రువం వైపు అది ఇంకా దిగిపోతుంది, విమానాల్లో పోసే జెట్ ఎ-1 ఇంధనం మైనస్ 47 దగ్గర గడ్డకట్టడం మొదలెడుతుంది కాబట్టి పైలట్లు ట్యాంకులో ఉష్ణోగ్రత మీద కన్నేసి ఉంచుతారు, మరీ తగ్గితే కిందికి దిగుతారు, లేదా వేగం పెంచుతారు.

అంతా విని ఆవిడ లోపలికెళ్లి శాలువా తెచ్చి చేతిసంచీలో కుక్కింది. ఆవకాయ సీసా తీసేయాల్సొచ్చింది.