వాన లేని చోట వేల సరస్సులు

అలాస్కా ఉత్తర తీరంలో ఉట్కియాగ్‌విక్ అనే ఊరుంది. 2016 దాకా దాని పేరు బారో. అక్కడ ఏడాదంతా కురిసే వాన, కరిగించి కొలిచిన మంచు కలిపినా సగటున 15 సెంటీమీటర్లు ఉండదు. అంటే ఎడారి కింద లెక్క. అయినా ఊరి చుట్టూ టండ్రా మైదానంలో ఎటు చూసినా సరస్సులే, వేలల్లో ఉన్నాయి.

కారణం నేల కిందుంది. వందల మీటర్ల లోతు దాకా మట్టి గడ్డకట్టి ఉంటుంది. దీన్నే పెర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో పైన అర మీటరు కరిగితే గొప్ప. కాబట్టి పడిన కాస్త నీరూ ఇంకదు, ఆ చలికి పెద్దగా ఆవిరీ కాదు. మట్టిలో మంచు గడ్డలు కరిగిన చోట నేల కుంగి గుంట పడుతుంది, నీరు చేరుతుంది. ఆ నీరు ఎండ వేడిని పట్టుకుని ఒడ్డును ఇంకా కరిగిస్తుంది. అలా సరస్సు తన చోటు తానే పెంచుకుంటూ పోతుంది. వాగులూ అంతే. మంచు గడ్డలు కరిగిన చోటల్లా ఒక మడుగు, మధ్యలో సన్నని పాయ, పూసల దండలా సాగుతాయి.

ఇక్కడి సరస్సులు చాలావరకు కోలగా, అన్నీ ఇంచుమించు ఒకే దిక్కుకు సాగి ఉంటాయి. ఆ పొడవు గాలి వీచే దిశలో కాదు, దానికి అడ్డంగా ఉంటుంది! గాలి పుట్టించే ప్రవాహాలు రెండు కొసలనూ కోస్తాయన్నది ఎక్కువమంది ఒప్పుకునే వివరణ.

గట్టు తెగితే సరస్సు ఖాళీ అవుతుంది. ఆ తర్వాత అడుగున ఏం జరుగుతుందో చూడాలని కెనడా శాస్త్రవేత్త జె. రాస్ మెకే 1978లో కెనడా ఉత్తర తీరంలోని మెకెంజీ డెల్టా ప్రాంతంలో ఒక సరస్సుకు కాలువ తవ్వించి, నీళ్లన్నీ సముద్రంలోకి వదిలించాడు. అన్నాళ్లూ నీటి కింద కరిగి ఉన్న అడుగు నేల ఆ చలికాలం నుంచే పైనుంచి కిందికి గడ్డకట్టడం మొదలుపెట్టింది. ఓపికంటే ఆయనదే, దశాబ్దాల పాటు వెళ్లి కొలుస్తూనే ఉన్నాడు.

చేపలకు మాత్రం లోతే ప్రాణం. చలికాలం ముగిసేసరికి మంచు పలక రెండు మీటర్ల దాకా పేరుకునేది. అంతకన్నా లోతు లేని సరస్సు అడుగు దాకా గడ్డకట్టేది, చేప బతికేది కాదు. ఇప్పుడు చాలా ఏళ్లు పలక మీటరున్నర దగ్గరే ఆగుతోంది. చేపకు మంచిదేగా అనిపించవచ్చు. కానీ అడుగున నీరు గడ్డకట్టకుండా మిగిలితే దాని కింది పెర్మాఫ్రాస్ట్ చలికాలంలోనూ కరుగుతుంది. అందులో వేల ఏళ్లుగా దాగిన మొక్కల అవశేషాలు కుళ్లి, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువును వదులుతాయి. ఆర్కిటిక్‌లో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టేది ఈ అర మీటరు తేడానే.